మా అక్కకి ఇంకో చెల్లెలు

మా అక్క పోయిందన్న సంగతి నాకంటే ముందు భీమెకి తెలిసింది. ఆ ఉదయం గుంటూరు బ్రాడీపేటలో అక్క అద్దెకున్న వాటాలో మంచం పక్కన కూర్చుని ఉన్నది భీమె. అక్క చెయ్యి చల్లబడటం గమనించింది భీమె. గొంతులో ఆఖరి చెంచా నీళ్ళు పోసింది కూడా ఆమే. అదంతా అయ్యాక నాకు ఫోను చేసి, "చిన్నక్కా, అక్క లేదు" అంది. ఫోను కింద పెట్టాక ఏడుపు రావడానికి కాస్త టైము పట్టింది. అంతకంటే ముందు, 'నేనుండాల్సిన చోట అదెందుకుంది' అన్న మాట వచ్చింది మనసులోకి.

అక్కతో కలిసి పనిచేసినవాళ్ళు ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నారు. ఓర్పు గలదనీ, చాలామంది ఆడవాళ్ళకి అండగా నిలిచిందనీ రాయొచ్చు. అవన్నీ నిజాలే. కానీ నా అసూయని పక్కనపెట్టి రాస్తే అది ఇంకెవరి అక్క గురించో రాసినట్టుంటుంది.

అమ్మ పోయేనాటికి నేను పాకుతున్న పిల్లని. అక్క బడి మానేసి నన్ను చంకనేసుకుంది. నాకు పెళ్ళయి, గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఈ నల్లరేగడి పల్లెకి కాపురానికి వచ్చేదాకా నాన్న ఉన్నా, నాకు అన్నీ తనే. తనకీ పెళ్ళయింది గానీ బావ తొందరగా పోయాడు, పిల్లల్లేరు. ఆ తరవాత ప్రైవేటుగా పరీక్షలు కట్టి, సోషల్ వర్క్ చదివి, గుంటూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. అందరూ ఆమె పట్టుదలని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ఇన్నాళ్ళూ నాకొక్కదానికే ఉన్న అక్క ఇక ఊళ్ళోవాళ్ళదవుతుందని నాకప్పుడు తట్టలేదు.

మిరప కోతల రోజుల్లో మా వైపు లారీల్లో కూలీలు దిగుతారు. వాళ్ళలో కొందరు ఛత్తీస్‌గఢ్ అడవుల్లోంచి వచ్చేసిన కోయవాళ్ళు. అక్కడి గొడవల్లో ఊళ్ళు తగలబడి, మనుషులు మాయమై, చేతికందింది పట్టుకుని ఇటు గోదావరి పక్క అడవుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్ళు. అక్కడా నిలవనివ్వరు. 'ఇది మీ ఊరు కాదు, లెగవండి' అంటారు. వెనక్కి పోతే, 'ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరున్నారు' అని తుపాకీ ఉన్న ప్రతివాళ్ళూ అడుగుతారు.

"దాటింది దేశం సరిహద్దు కాదుగా, అందుకని వీళ్ళని శరణార్థులనరంట" అంది అక్క ఒకసారి.

"మరేమంటారు?"

"కూలీలంటారు."

భీమెని అక్కకి చూపించింది నేనే. ఆ సంగతి నాకిప్పటికీ మింగుడుపడదు. మా చేలో కోతకి వచ్చిన గుంపులో ఉండేది. బక్కపలచటి మనిషి, ఎవరితోనూ మాట్లాడదు, ఎప్పుడూ రోడ్డు కనపడేవైపే మొహం పెట్టుకుని కోసేది. ఒకరోజు 'ఏరు, ఏరు' అని సైగ చేస్తే, ఇక్కడ ఏరెక్కడుంది అని మా ఆయన నవ్వాడు. వాళ్ళ మాటలో ఏరంటే నీళ్ళని తరవాత తెలిసింది. ఇంకోరోజు మోటారు బాగుచెయ్యడానికి ఖాకీ చొక్కాతో లైన్‌మన్ వచ్చాడు. అతన్ని చూసి భీమె కళ్ళంలో కాయల మీద కప్పిన పట్టా కిందికి దూరింది. ఆ ఘాటులో మనిషన్నవాడు నిలబడలేడు. లైన్‌మన్ వెళ్ళిపోయాక కూడా బయటికి రాలేదు. అదొక వింతలాగా ఆ సాయంత్రం అక్కకి ఫోన్లో చెప్పాను. అవతల అక్క నవ్వలేదు.

"రేపు పొద్దున బస్సుకి వస్తున్నా" అంది.

నన్ను చూడ్డానికి రమ్మని ఆ ఏడాది ఎన్నిసార్లు పిలిచానో. తీరిక లేదనేది.

వచ్చి మొదటిరోజు ఏమీ చెయ్యలేదు. భీమె కోస్తున్న సాలు వదిలి పక్క సాల్లో తనూ వంగి కాయలు కోసింది. "మీ అక్క ఏదో కౌన్సెలింగ్ చేస్తుందన్నావు, కూలికొచ్చినట్టు కోస్తందేంటే?" అన్నాడు మా ఆయన. సాయంత్రం ఇంటికొచ్చాక అదే అడిగాను.

"ఏం జరిగిందో అడగొచ్చుగా?"

"అడగడం కూడా ఒక దెబ్బేనే" అంది అక్క. "పండితే కాయ తనంతట చేతిలోకొస్తుంది. పచ్చిది లాగితే కొమ్మ విరుగుద్ది."

పని ఎంత కష్టమో నేను పక్కనుండి చూశాను కాబట్టి చెప్పగలను. మొదట భాష. గుంపుని తెచ్చిన మేస్త్రీకి తెలుగూ కోయా రెండూ వచ్చు. కానీ అతని ఎదుట ఆడవాళ్ళు నోరు విప్పరు. విప్పినా, వాళ్ళు అంతసేపు చెప్పినదానికి అతను 'అంతా బాగానే ఉందంటంది' అని ముగించేవాడు. అక్క అతన్ని పక్కకి తప్పించి, గుంపులో ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది. తప్పులు మాట్లాడేది. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వించినందుకు అక్క మహా సంబరపడేది. మా ఇంట్లో, నా దగ్గర, అక్క అలా నవ్వి ఎన్నాళ్ళయిందోనని లెక్కలేసుకుంటూ నేను గట్టు మీద నిలబడేదాన్ని.

తరవాత ఊరు. 'వీళ్ళని పెట్టుకుంటే లేనిపోని తంటా, పోలీసులొస్తారు' అని పెద్దమనుషులు మా ఆయన్ని పిలిచి చెప్పారు. పోలీసులు వచ్చారు కూడా. ఆధార్ కార్డులు చూపించమన్నారు. ఇల్లే కాలిపోయినవాళ్ళు కార్డెక్కడ తెస్తారు? అక్క వాళ్ళకి కుర్చీ వేయించి, మజ్జిగిప్పించి, తన సంస్థ కార్డు చూపించి, ఒకటే మాట అంది: "మీరు ఏమడగాలన్నా నన్నడగండి సార్. వాళ్ళకి ఎదురుగా మాత్రం నిలబడొద్దు." వాళ్ళు వెళ్ళాక పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది.

భీమెని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. బస్టాండు దగ్గర ఆటోలన్నీ ఖాకీ చొక్కాలే. భీమె స్తంభం పట్టుకుని కదల్లేదు. అక్క ఒక ఆటో అతని దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఏమనుకోకు, ఆ చొక్కా విప్పి సీటు కింద పెడతావా?"

"అదేంటమ్మా?"

"ఈమె నా చెల్లెలు. ఆ రంగు చూస్తే భయం."

అతను భీమె వంక చూశాడు, ఇంకేమీ అడక్కుండా చొక్కా విప్పి బనీనుతోనే తోలాడు. దిగేటప్పుడు, "భయంలేదమ్మా, మా అమ్మకి కుక్కలంటే ఇంతే" అన్నాడు. అక్క అతనికి దణ్ణం పెట్టింది. నాకు ఆటోవాడి మంచితనం సగమే చెవికెక్కింది. 'ఈమె నా చెల్లెలు' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అక్కకి ఇటుపక్క కూర్చున్నది నేను. సొంత చెల్లెల్ని.

అక్క మా ఇంటికొస్తే సరాసరి లోపలికి వచ్చేది కాదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని అరుగు మీద కాసేపు కూర్చునేది. "ఇప్పుడే మాట్లాడించకు" అనేది. ఆ మాటంటే నాకు ఒళ్ళు మండేది. రోజంతా వాళ్ళ దగ్గర కూర్చుని, నా దగ్గరికి ఖాళీ అయిపోయి వస్తుంది. భీమె నోరు విప్పడం మొదలయ్యాక అరుగు మీద కూర్చునే సేపు ఇంకా పెరిగింది. అన్నం ముందు పెట్టుకుని కలుపుతూనే ఉండేది, ముద్ద ఎత్తేది కాదు. ఉలిక్కిపడి తలుపు గడియ చూసొచ్చేది. వాళ్ళ భయం అక్కకి అంటుకుందని నాకర్థమైంది.

"ఏం చెప్పిందే ఆమె? నాకైనా చెప్పు, గుండె తేలికవుద్ది" అన్నాను.

"వాళ్ళు దాచమని ఇచ్చిన మాటే అది. నాది కాదుగా, నీకివ్వడానికి."

చిన్నప్పుడు ఒక్క జామకాయ దొరికినా సగం నాకు పెట్టిన మనిషి ఆ మాటంది. ఇంతకీ భీమెకి ఏం జరిగిందో నాకు ఈరోజుకీ పూర్తిగా తెలియదు. ఇల్లు కాలిందనీ, భర్తని తీసుకుపోయారనీ, తిరిగి రాలేదనీ, అంతే.

అన్నీ కుదురుకున్నాయనీ కాదు. ఒక కుటుంబానికి పిల్లలకి హాస్టల్లో సీట్లిప్పించి, రేషన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, కాళ్ళరిగేలా కష్టపడి నిలబెట్టింది అక్క. అంతా ఒక దారికొచ్చిందనుకున్నాక, తమ చెట్లూ తమ చేనూ చూడాలని ఉందని వాళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ కబురు లేదు. "ఎందుకు పోనిచ్చావు?" అన్నాను. "వాళ్ళ ఊరికి వాళ్ళని వెళ్ళొద్దనడానికి నేనెవర్ని?" అంది. అలా అన్నది గానీ, ఆ తరవాత చాలాకాలం ఫోను మోగితే పరిగెత్తుకెళ్ళి తీసేది. నా ఫోను కోసం అలా ఎన్నడూ పరిగెత్తలేదు.

ఇక మా అమ్మాయి పెళ్ళి సంగతి చెప్పాలి. మాఘమాసం, ఉదయం ముహూర్తం, మా ఇంటి ముందే పందిరి. పెళ్ళిలో అడ్డుతెర ఒక కొస అక్క పట్టుకోవాలని నా కోరిక. భర్త పోయినావిడ పట్టుకోకూడదన్నారు వియ్యాలవారు. మావాళ్ళు కూడా వాళ్ళకే వంత పాడారు. "నన్ను పెంచింది ఆ చేతులు. అవి పట్టుకోకపోతే తెరే వద్దు" అని నేను భీష్మించాను. చివరికి అందరూ దిగొచ్చారు. అక్క వద్దు వద్దంటూనే, కళ్ళనీళ్ళు తుడుచుకుని, నేను పెట్టిన మంగళగిరి చీర కట్టుకుని వచ్చి నిలబడింది.

కోతల గుంపుని కూడా భోజనానికి పిలిచాం. పందిరి వెనక పిల్లలతో కూర్చున్నారు. ముహూర్తం రాగానే గట్టిమేళం మోగింది. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి పెళ్ళికొడుకు స్నేహితులు రోడ్డు మీద టపాకాయల దండ అంటించారు. వెయ్యి తుపాకులు పేలినట్టు పేలింది.

అక్క చప్పున వెనక్కి చూసింది. పందిరి వెనక విస్తళ్ళు చెల్లాచెదురై ఉన్నాయి. కోయవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మిరప చేలోకి పరిగెడుతున్నారు. అక్క తెర కొస నా చేతిలో కుక్కి, "పట్టుకోవే" అని మాత్రం అని, పందిట్లోంచి పరుగెత్తింది.

"చూశారా, అందుకే వద్దన్నాం" అంది వియ్యపురాలి అక్క, అందరికీ వినపడేలా.

తలంబ్రాలయ్యాక నేను చేలోకి వెళ్ళాను. కాళ్ళకి పట్టుచీర అడ్డం పడుతోంది, కోపం అంతకంటే అడ్డం పడుతోంది. మిగతావాళ్ళు అప్పటికి ఒక్కొక్కరే లేచి, అరుస్తున్న పిల్లల్ని ఊరుకోబెట్టుకుంటున్నారు. భీమె మాత్రం చేను నడిమధ్య చెట్ల మొదట్లో, మోకాళ్ళలో తల పెట్టుకుని, మట్టిలో ముడుచుకుని ఉంది. చేతులతో చెవులు మూసుకుంది. ఆమెని తాకకుండా, కాస్త ఎడంగా, అదే మట్టిలో అక్క కూర్చుని ఉంది, కొత్తచీరతో. నన్ను చూసి, రావొద్దని చెయ్యెత్తింది.

నేను గట్టు మీదే ఆగిపోయాను. ఆ ఎండలో చాలాసేపటికి భీమె ఒక చెయ్యి చెవి మీదనుంచి తీసి, అక్క కొంగు అందుకుంది. కొంగు చివర గుప్పిట్లో పట్టుకుంది. అంతే. దాన్ని చూసి సంతోషించాలని నాకు తెలుసు. అక్క ఆరోజు చేసిన పని గొప్పదనీ తెలుసు. కానీ ఆ కొంగు పట్టుకుని పెరిగింది నేను.

మధ్యాహ్నం బంతులు లేచాక అక్క వచ్చింది.

"నీ కూతురి చుట్టూ ఊరంతా ఉందే" అంది. "దానికి నేనొక్కదాన్నే."

"నాకు మాత్రం ఎంతమంది అక్కలున్నారు?" అన్నాను.

అక్క అరుగు మీద కూలబడింది. విరిగిన కాయల మీద చేతులాన్చిందేమో, అరచేతులు రెండూ ఎర్రగా మండుతున్నాయి. నేను లోపలికెళ్ళి నెయ్యి తెచ్చి రాశాను. నేను రాస్తుంటే చిన్నపిల్లలా 'ఉస్, ఉస్' అంది. పెళ్ళివాళ్ళందరూ చూస్తున్నారు. అయినా ఆ కాసేపు అక్క నా ఒక్కదానిదే అయినట్టు, కావాలనే మెల్లగా రాశాను.

భీమె ఆ ఏడాది గుంపుతో వెనక్కి వెళ్ళలేదు. అక్క ఆమెకి గుంటూరులో ఒక హాస్టల్ వంటగదిలో పని చూసింది. తెలుగు వచ్చింది. తరవాత తరవాత, కొత్తగా వచ్చే గుంపుల దగ్గరికి అక్క వెంట తనూ వెళ్ళేది. మేస్త్రీ చెప్పని మాటలు ఈమె చెప్పేది. అక్క చేతికి ఇంకో చెయ్యి వచ్చిందని సంస్థలో అందరూ అనేవాళ్ళు.

అక్కకి గుండె జబ్బు ముదిరాక మా ఇంటికి రమ్మన్నాను. ఆసుపత్రి దగ్గరని బ్రాడీపేటలోనే ఉంటానంది. వారం వారం గోంగూర పచ్చడీ, కారప్పొడీ పట్టుకెళ్ళేదాన్ని. నేను వెళ్ళేసరికి భీమె వంటింట్లో ఉండేది. పోపుడబ్బా ఎక్కడుందో ఆమెకి తెలుసు, నాకు తెలియదు. నేను తెచ్చిన పచ్చడే అన్నంలో కలిపి అక్క నోట్లో పెట్టేది. పచ్చడి నాది, ముద్ద ఆమెది. కారం ఎక్కువ వద్దన్నాడు డాక్టరు. "కాస్త వేసుకోనివ్వవే, గుంటూరు మనిషిని" అని అక్క బతిమాలేది. ఆ బతిమాలడం కూడా ఆమెనే.

అక్కని మా ఊరికే తెచ్చాం. మా ఇంటి ముందే పడుకోబెట్టాం. చుట్టాలొచ్చారు, గుంటూరు నుంచి సంస్థవాళ్ళొచ్చారు. చుట్టుపక్కల చేలల్లోంచి కోయ ఆడవాళ్ళు కోత ఆపి వచ్చి, దూరంగా వరసగా కూర్చున్నారు. అందరూ నా ఏడుపు కోసం చూస్తున్నారు. మా వైపు సొంతవాళ్ళు శోకాలు పెట్టాలి. నేను శోకం ఎత్తకుండా అక్క కొంగు సర్దుతూ కూర్చున్నాను. అప్పుడు భీమె వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూర్చుని, తన భాషలో ఎత్తుకుంది. ఏడుపుకీ పాటకీ మధ్యలో ఉన్నదేదో. దూరంగా కూర్చున్నవాళ్ళు దాన్ని అందుకున్నారు.

"ఎవరే ఈవిడ?" అంది నా వెనక ఒక ముసలావిడ.

"ఆవిడ చెల్లెలంట" అంది ఇంకొకావిడ.

నేను వెనక్కి తిరగలేదు.

మగవాళ్ళు అక్కని తీసుకెళ్ళిపోయాక, ఇల్లు కడిగాక, స్నానాలయ్యాక, పెరట్లో గట్టు మీద భీమె ఒంటరిగా కూర్చుని కనపడింది. తడిజుట్టుతో వెళ్ళి పక్కన కూర్చున్నాను. అడిగేశాను.

"ఏం పాడావు?"

"మా దగ్గర పోయినవాళ్ళు ఎవర్ని వదిలిపోయారో వాళ్ళ పేరెత్తి పాడతాం. నీ గురించే పాడాను చిన్నక్కా. పత్తిలో దొరికిన చెల్లెల్ని వదిలి ఎట్టా పోయావని."

"పత్తిలో దొరకడమేంటి?"

భీమె నా వంక వింతగా చూసింది. "నీకు తెలవదా? అక్క చెప్పలేదా?"

అప్పుడు చెప్పింది. తను మాట్లాడలేని ఆ మొదటి రోజుల్లో అక్కే ఏదో ఒకటి చెబుతూ కూర్చునేదట. అన్నీ నా చిన్నప్పటి సంగతులే. తెలుగు ఆమె వాటితోనే నేర్చుకుందట. ఒక ఏడు మా నాన్న పత్తి ధర కోసం ఆగి, ఇంట్లో గదినిండా దూలాల దాకా పత్తి పోశాడట. ఒకరోజు నేను కనపడకుండా పోయాను. నాన్న బావిలోకి దిగాడట. వీధంతా వెతికారట. అక్క మాత్రం పత్తి గదిలోకి వెళ్ళి రెండు చేతులతో గుట్టని తవ్వుకుంటూ పోయిందట. అడుగున నేను నిద్రపోతున్నానట, వెచ్చగా, నోరు తెరుచుకుని.

నాకు అదేమీ గుర్తులేదు. అక్క నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. నాన్న లేడు, అక్క లేదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇక భీమె ఒక్కతే. నా చిన్నతనాన్ని కూడా అక్క ఆమెకే ఇచ్చి వెళ్ళింది.

"తరవాత?" అన్నాను.

"తరవాత నువ్వు లేవలేదు. అక్క లేపలేదు. ఒళ్ళో ఏసుకుని కూకుంది. నీ జుట్టునిండా పత్తే. కనురెప్పల్లో కూడా. పొద్దుగూకేదాకా ఒక్కొక్క పోగూ తీసింది. ఇట్టా."

భీమె చెయ్యి చాపి నా తడిజుట్టులో వేళ్ళు పెట్టింది. మిరపకాయలు కోసి కోసి చివర్లు మొద్దుబారిన వేళ్ళు. నా చెవి పైన ఒక పాయ విడదీసి, రెండు వేళ్ళతో మెత్తగా అందుకుని, కనపడని దూదిపోగొకటి బయటికి తీసింది. మళ్ళీ ఒకటి. నేను తల కదపకుండా కూర్చున్నాను.